భిలాయిలో కంప్యూటర్ కొలువు: పర్మినెంటు నుంచి ఠేకా దాకా

కంప్యూటర్ సపోర్టు అంటే ఆగిపోయిన యంత్రాన్ని మళ్లీ నడిపించే పని. కొత్త యంత్రంలో విండోస్ వేయడం, కదలని ప్రింటరును కదిలించడం, తెగిన కేబులు చివర కొత్త కనెక్టరు బిగించడం, పాస్‌వర్డు మరిచిపోయిన గుమాస్తాకు దారి చూపడం అన్నీ ఇందులోకే వస్తాయి. పెద్ద చదువు లేని కుర్రవాడికి కంప్యూటర్ రంగంలో దొరికే తొలి అవకాశం ఇదేనని అంతటా నమ్ముతారు. ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి ఉక్కు నగరంలోనూ ఒక తరం అలాగే నమ్మింది. పనైతే దొరికింది. దాని నుంచి పై ఉద్యోగానికి దారి మాత్రం చాలామందికి దొరకలేదు. కారణం తెలియాలంటే ఆ ఊళ్లో ఉద్యోగం అనేది మొదట ఎలా ఏర్పడిందో చూడాలి.

1955 ఫిబ్రవరి 2న భారత్, సోవియట్ యూనియన్‌ల మధ్య కుదిరిన ఒప్పందంతో భిలాయి ఉక్కు కర్మాగారానికి పునాది పడింది. దుర్గ్ పట్టణం పక్కన తొంభైకి పైగా ఊళ్ల భూములు సేకరించారు. 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. మొదట ఏడాదికి పది లక్షల టన్నుల సామర్థ్యంతో మొదలై, 1967లో పాతిక లక్షలకు, 1980ల చివరికి నలభై లక్షల టన్నులకు పెరిగింది. దేశంలోని రైలు పట్టాల్లో అధిక భాగం ఇక్కడి నుంచే వెళ్లాయి. మొదట హిందుస్తాన్ స్టీల్ కింద, 1973 నుంచి స్టీల్ అథారిటీ, అంటే సెయిల్ కింద నడిచిన ఈ కర్మాగారంలో 1980ల నడుమ అరవై వేలకు పైగా మంది పర్మినెంటు ఉద్యోగులు ఉండేవారు. వాళ్ల కోసం సెక్టార్లుగా విభజించిన టౌన్‌షిప్, బళ్లు, సెక్టార్ 9లో పెద్ద ఆసుపత్రి, సివిక్ సెంటర్, మైత్రీబాగ్ వెలిశాయి.

భిలాయి కట్టడానికి వచ్చినవాళ్లలో తెలుగువాళ్లు చాలామంది. రాయపూర్ నుంచి విజయనగరానికి 1931లో పూర్తయిన రైలు మార్గం టిట్లాగఢ్, రాయగడ, పార్వతీపురం మీదుగా ఉత్తరాంధ్రను ఛత్తీస్‌గఢ్ మైదానాలతో కలిపింది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి కుటుంబాలు ఆ దారినే వచ్చాయి. మట్టి మోసి, ఇటుకలు పేర్చి, పునాదులు తవ్వినవాళ్లలో కొందరు కర్మాగారం లోపల పర్మినెంటు అయ్యారు. మిగిలినవాళ్లు క్యాంపుల్లో, ఖుర్సీపార్ వంటి బస్తీల్లో ఉండిపోయి దొరికిన పని చేసుకున్నారు. రైల్వే యార్డు ఉన్న చరోదా వైపు మరికొందరు స్థిరపడ్డారు. సెక్టార్ 5లోని బాలాజీ గుడి, దాన్ని నడిపే ఆంధ్ర సాహిత్య సమితి ఈ సమాజానికి కూడలి. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, వీధిలో ఛత్తీస్‌గఢీ మాట్లాడుతూ పెరిగిన పిల్లలు రెండు తరాలుగా ఇక్కడ ఉన్నారు. కంప్యూటర్ కోర్సుల్లో చేరినవాళ్లలో వీళ్లూ ఉన్నారు కాబట్టి ఈ చరిత్ర తెలుగువాళ్లది కూడా.

ఈ ఊరి కార్మికుల గురించి అందరికంటే లోతుగా రాసింది లండన్‌కు చెందిన మానవశాస్త్రవేత్త జొనాథన్ పారీ. 1990లలో మొదలుపెట్టి ఏళ్ల తరబడి భిలాయిలో పరిశోధన చేసి 2020లో ‘క్లాసెస్ ఆఫ్ లేబర్’ అనే పెద్ద గ్రంథం ప్రచురించారు. ఆయన గమనించిన ముఖ్య విషయం ఇది: భిలాయిలో పర్మినెంటు ఉద్యోగం ఉన్న కుటుంబానికీ, ఠేకేదారు, అంటే కాంట్రాక్టరు కింద పనిచేసే కుటుంబానికీ మధ్య దూరం జీతంలో మాత్రమే లేదు. ఇల్లు, పిల్లల చదువు, పెళ్లి సంబంధం, వైద్యం, ముసలితనంలో భద్రత అన్నిటిలోనూ వాళ్లు రెండు వేరు వర్గాలుగా విడిపోయారు. పర్మినెంటు వాళ్ల జీతం ఠేకా కూలికి ఎన్నో రెట్లు. కనీస వేతనం కాగితం మీద పడి చేతికి తక్కువగా రావడం కూడా ఆయన నమోదు చేశారు. కంప్యూటర్ పని భిలాయిలోకి వచ్చినప్పుడు ఈ రెండు గట్లలో ఏ గట్టున నిలబడుతుందన్నదే అసలు ప్రశ్న అయింది.

దేశంలో కంప్యూటర్ల మరమ్మతు ఒక వృత్తిగా నిలబడింది 1970లలో. అంతకుముందు పెద్ద సంస్థల్లోని యంత్రాలు ఎక్కువగా ఐబీఎంవి. వాటిని అద్దెకిచ్చి, బాగోగులు చూసేది కూడా ఆ కంపెనీయే. విదేశీ పెట్టుబడి నిబంధనలకు ఒప్పుకోక ఐబీఎం 1978లో దేశం వదిలింది. ఆ యంత్రాల నిర్వహణ భారం 1975 డిసెంబరులో ఏర్పాటైన ప్రభుత్వ సంస్థ కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్ మీద పడింది. ఆ సంస్థే తర్వాత సీఎంసీగా పేరు మార్చుకుని, రైల్వే రిజర్వేషన్ వ్యవస్థను కట్టి, చివరికి 2015లో టీసీఎస్‌లో కలిసిపోయింది. హైదరాబాద్‌లో 1967లో పుట్టిన ఈసీఐఎల్ దేశీయంగా తయారుచేసిన టీడీసీ యంత్రాలకు కూడా సొంత ఇంజనీర్లు, టెక్నీషియన్లు ఉండేవారు. ఆనాటి మరమ్మతు మనిషి ప్రభుత్వోద్యోగి. సర్క్యూటు బోర్డు మీద ఏ భాగం చెడిందో ఆసిలోస్కోపు పెట్టి వెతికేవాడు, సోల్డరింగ్ చేసేవాడు. శిక్షణకు నెలల తరబడి సంస్థే ఖర్చు పెట్టేది. తప్పు చేసి నేర్చుకునే కాలానికి కూడా జీతం ఇచ్చేది. తర్వాతి తరాలకు లేకుండా పోయింది ఆ ఒక్క వసతే.

పెద్ద ప్రభుత్వ సంస్థల్లో కంప్యూటర్ తొలి పని జీతాల పట్టీ, గిడ్డంగి లెక్క. అరవై వేల మందికి నెల నెలా జీతం, ఓవర్‌టైము, పీఎఫ్ కోత లెక్కగట్టడం మనుషులకు అలవిమాలిన పని. ఈడీపీ అని పిలిచిన డేటా ప్రాసెసింగ్ విభాగాల్లో పంచింగ్ ఆపరేటర్లు, కంప్యూటర్ ఆపరేటర్లు, ప్రోగ్రామర్లు ఉండేవారు. అవి పోస్టులు. గ్రేడు, ఇంక్రిమెంటు, ప్రమోషను, క్వార్టరు ఉన్నవి. కానీ వాటిలో చాలావరకు లోపలి ఉద్యోగులకే దక్కాయి. యంత్రాలు వస్తే ఉద్యోగాలు పోతాయన్న భయం అప్పట్లో బలంగా ఉండేది. 1960లలో కలకత్తాలో ఎల్ఐసీ కంప్యూటర్‌ను ఉద్యోగులు ఏళ్ల తరబడి అడ్డుకున్నారు. బ్యాంకుల్లో 1983లో యూనియన్లతో ఒప్పందం కుదిరాకే యంత్రాలు ప్రవేశించాయి. వాటి మీద కూర్చునే గుమాస్తాలను ఉన్న సిబ్బంది నుంచే ఎంపిక చేసి అలవెన్సు ఇచ్చారు. భిలాయికి ఇనుప ఖనిజం పంపే దల్లీ రాజహరా గనుల్లో శంకర్ గుహా నియోగి నాయకత్వంలోని కార్మిక సంఘం యంత్రీకరణను ఎదిరించి, మనిషి పని పోకుండా పాక్షిక యంత్రీకరణ చాలునని వాదించి నిలబడింది. నియోగిని 1991 సెప్టెంబరు 28న భిలాయిలోనే హత్య చేశారు.

ఈ పోరాటాలన్నీ న్యాయమైనవే. ఉన్న ఉద్యోగాలను అవి కాపాడాయి. ఉద్యోగంలోకి ఇంకా రాని పిల్లల కోసం మాత్రం అప్పుడు ఎవరూ కూర్చుని మాట్లాడలేదు. లోపలివారికి తర్ఫీదు ఇచ్చి యంత్రం మీద కూర్చోబెట్టినప్పుడు బయటివారు రావాల్సిన కింది పోస్టు నిశ్శబ్దంగా తగ్గిపోయింది. ఆ నష్టం లెక్కకు రావడానికి పదిహేనేళ్లు పట్టింది.

1980ల చివరి నుంచి కర్మాగారంలో కొత్త నియామకాలు బాగా తగ్గాయి. 1991 ఆర్థిక సంస్కరణల తర్వాత విదేశీ ఉక్కుతో పోటీ పెరిగింది. 1990ల చివర సెయిల్ భారీ నష్టాల్లో కూరుకుపోయి స్వచ్ఛంద పదవీ విరమణ పథకాలు ప్రకటించింది. రిటైరైన మనిషి స్థానంలో కొత్త మనిషిని తీసుకోకపోవడం విధానమైంది. అరవై వేలు దాటిన సిబ్బంది 2010ల ఆరంభానికి సగానికి చేరి, ఆ తర్వాత ఇరవై వేలకు దిగువన పడింది. ఉత్పత్తి మాత్రం తగ్గలేదు. తండ్రి పర్మినెంటు, కొడుకు నిరుద్యోగి అన్న పరిస్థితి సెక్టార్లలో ప్రతి వీధికీ వచ్చింది. తండ్రి సంపాదన ఉంది కాబట్టి కొడుకును చదివించగలిగారు. భిలాయి కోచింగ్ సెంటర్ల నుంచి ఏటా పిల్లలు పెద్ద సంఖ్యలో ఐఐటీల్లో సీట్లు తెచ్చుకుని ఊరికి దేశమంతా పేరు తెచ్చారు. సీటు రానివాళ్లకు కంప్యూటర్ కోర్సు మిగిలింది.

ఆ కోర్సులు అమ్మే బజారు అప్పటికే సిద్ధంగా ఉంది. 1981లో ఎన్ఐఐటీ, 1986లో ఆప్‌టెక్ మొదలై 1990లలో చిన్న పట్టణాలకు ఫ్రాంచైజీలుగా పాకాయి. భోపాల్ కేంద్రంగా 1985లో పుట్టిన ఐసెక్ట్ హిందీ మాధ్యమంలో కంప్యూటర్ నేర్పుతూ, అప్పట్లో భిలాయి కూడా భాగమైన మధ్యప్రదేశ్ అంతటా కేంద్రాలు తెరిచింది. 1990లో భోపాల్‌లో ఏర్పడిన మాఖన్‌లాల్ చతుర్వేది విశ్వవిద్యాలయం పాత్రికేయ విద్య కోసం పుట్టినా, దాని అనుబంధ కేంద్రాల్లో జనం ఎక్కువగా చేరింది డీసీఏ, పీజీడీసీఏ అనే కంప్యూటర్ డిప్లొమా కోర్సుల్లోనే. అదే ఏడాది కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ డోయెక్ పథకం తెచ్చి ‘ఓ’ నుంచి ‘సీ’ వరకు నాలుగు స్థాయిల పరీక్షలు పెట్టింది. పరీక్ష కఠినమనే పేరుండడంతో అందులో నిలిచినవాళ్లు కొద్దిమందే. ఏడాది డిప్లొమాలో డాస్, వర్డ్‌స్టార్, లోటస్, తర్వాత విండోస్, ఎంఎస్ ఆఫీస్, ట్యాలీ, కొంచెం సీ భాష చెప్పేవారు. కంప్యూటర్ పెట్టె విప్పి చూపించిన కేంద్రాలు తక్కువ. సర్టిఫికెట్టు చేతికొచ్చిన పిల్లవాడు చేరాల్సిన ఉద్యోగం పెట్టె విప్పే ఉద్యోగం. మరమ్మతు నేర్పడానికి రేడియో విడిభాగాల కంపెనీగా పుట్టిన జెట్‌కింగ్ వంటి సంస్థలు, 1993లో వచ్చిన అమెరికన్ ఏ ప్లస్ సర్టిఫికెట్టు, 1998లో సిస్కో తెచ్చిన సీసీఎన్ఏ ఉన్నాయి గానీ, వాటి ఫీజు ఠేకా కూలీ ఇంటికి అందేది కాదు.

పని నిజంగా నేర్పింది దుకాణాలే. 1990ల రెండో సగంలో దిగుమతి సుంకాలు తగ్గి, విడిభాగాలు చవకై, అసెంబుల్డ్ పీసీ ఇళ్లకు చేరింది. 1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ ఇంటర్నెట్‌ను జనానికి తెరిచింది; ఆ తర్వాతి ఏళ్లలో సైబర్ కేఫ్‌లు వచ్చాయి. సుపేలా, పవర్ హౌస్, సివిక్ సెంటర్, నెహ్రూనగర్‌లలో కంప్యూటర్ దుకాణాలు వెలిశాయి. దుకాణంలో చేరిన కుర్రవాడికి మొదట జీతం మాట ఉండదు. డబ్బాలు మోయడం, బ్లోయరుతో దుమ్ము ఊదడం, ఇంటికి వెళ్లి మానిటరు దించి రావడంతో మొదలవుతుంది. ఉక్కు ఊరి దుమ్ము సన్నగా, నల్లగా ఉంటుంది. వేసవి ఎండ నలభై అయిదు డిగ్రీలు దాటుతుంది. ఈ రెండూ కలిస్తే ముందు పోయేది ఎస్ఎంపీఎస్ అనే కరెంటు సరఫరా పెట్టె, తర్వాత ప్రాసెసర్ మీది ఫ్యాను. కంప్యూటర్ బీప్‌మని అరిచి తెర నల్లగా ఉంటే ర్యామ్ తీసి దాని కాళ్లను పెన్సిల్ రబ్బరుతో తుడిచి మళ్లీ పెట్టడం, తేదీ ప్రతిసారీ వెనక్కి పోతుంటే సీమాస్ బ్యాటరీ మార్చడం, హార్డ్ డిస్కు టకటకలాడితే అన్నిటికంటే ముందు డేటాను మరోచోటికి కాపీ చేసుకోవడం, ఇవన్నీ ఏ డిప్లొమా పుస్తకంలోనూ ముఖ్య పాఠాలు కావు. ఉస్తాద్ పక్కన నిలబడి చూసి నేర్చుకున్నవే.

దుకాణం చదువుకు ఒక గట్టి లోటు ఉంది. దానికి కాగితం లేదు. అయిదేళ్లు పనిచేసి వందల యంత్రాలు బాగుచేసిన కుర్రవాడు ఇంటర్వ్యూకు వెళ్తే అనుభవ పత్రం అడుగుతారు; దుకాణదారు దగ్గర పీఎఫ్ నంబరు, జీతం స్లిప్పు ఉండవు. డిప్లొమా ఉన్నవాడికి అనుభవం లేదు, అనుభవం ఉన్నవాడికి రుజువు లేదు. కంపెనీలు ఫ్రెషర్ పోస్టుకు కూడా ఏడాది రెండేళ్ల అనుభవం అడగడం మొదలుపెట్టాక ఇద్దరూ బయటే నిలబడ్డారు. ప్రపంచంలో ఎక్కడైనా ఈ వృత్తి తొలి దశలో ఇదే చిక్కు కనిపిస్తుంది. భిలాయిలో అది మరీ బిగిసింది. ఊళ్లో కాగితం ఇవ్వగల పెద్ద యజమాని ఒక్కడే, ఆ యజమాని నియామకాలు ఆపేశాడు.

2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడింది. భిలాయికి ముప్పై కిలోమీటర్ల దూరంలోని రాయపూర్ రాజధాని అయింది. కొత్త సచివాలయం, కొత్త శాఖలు, కొత్త కంప్యూటర్లు వచ్చాయి. ఆశతోపాటే మోసం కూడా వచ్చింది. 2002లో చేసిన ప్రైవేటు విశ్వవిద్యాలయాల చట్టం కింద ప్రభుత్వం నోటిఫికేషన్ ఇస్తే చాలు, విశ్వవిద్యాలయం పుట్టేది. రెండేళ్లలో నూరుకు పైగా పుట్టాయి. వాటిలో చాలావాటికి భవనాలు లేవు. ఒక గదిలో నడిచినవీ ఉన్నాయి. యూజీసీ మాజీ అధ్యక్షుడు ప్రొఫెసర్ యశ్‌పాల్ వేసిన పిటిషన్ మీద సుప్రీంకోర్టు 2005 ఫిబ్రవరి 11న ఆ చట్టంలోని కీలక సెక్షన్లను కొట్టివేసింది. అప్పటికే ఫీజులు కట్టి చేరిన విద్యార్థులు నడిమధ్యలో చిక్కుకున్నారు. అదే ఏడాది భిలాయిలో వివేకానంద సాంకేతిక విశ్వవిద్యాలయం ఏర్పడి, రాష్ట్రంలోని ఇంజనీరింగ్ కళాశాలలు దాని కిందికి వచ్చాయి. ఇంజనీరింగ్ పట్టభద్రుల సంఖ్య ఎంత పెరిగిందంటే, ఒకప్పుడు ఇంటర్ పాసైనవాడు చేసే సపోర్టు పనికి బీఈ చదివినవాళ్లు వరుస కట్టారు. డీసీఏ పిల్లవాడు మరో మెట్టు కిందికి జారాడు.

రాష్ట్ర ప్రభుత్వ కార్యాలయాల్లో కంప్యూటర్ ఆపరేటర్ల అవసరం నిజమే. డీసీఏ లేదా పీజీడీసీఏతోపాటు హిందీ టైపింగ్ వేగం అడిగేవారు. కృతిదేవ్ ఫాంటుతో రెమింగ్టన్ కీబోర్డు మీద చేతులు కుదరాలి; తర్వాత యూనికోడ్‌కు మారినప్పుడు అలవాటంతా తిరగరాసుకోవాలి. నియామకం ఎక్కువగా పోస్టుల్లోకి జరగలేదు. జిల్లా కలెక్టరు నిర్ణయించే రోజువారీ కూలి ప్రకారం, అక్కడి మాటలో ‘కలెక్టర్ రేటు’ మీద, లేదా ప్లేస్‌మెంటు ఏజెన్సీ ద్వారా జరిగింది. రేషన్ కార్డు, భూమి రికార్డు, ఓటరు జాబితా, పెన్షన్ వివరాలు అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించింది వీళ్లే. ప్రింటరు, నెట్‌వర్కు ఆగితే బాగుచేసిందీ వీళ్లే. పదేళ్లు పనిచేసినా హోదా మారని ఆపరేటర్లు ఛత్తీస్‌గఢ్‌లో ప్రతి కలెక్టరేట్‌లోనూ ఉన్నారు. పాలన అంతా వాళ్ల వేళ్ల మీదుగా నడుస్తుంటే, వాళ్లను తాత్కాలికులుగానే ఉంచడం తప్పు. దీన్ని పొదుపు అనడానికి వీల్లేదు.

ఇక కర్మాగారం లోపలికి వస్తే, 2000లలో కంప్యూటర్ల సంఖ్య విపరీతంగా పెరిగింది. ప్రతి షాపులో, ప్రతి తూకం దగ్గర, ప్రతి గిడ్డంగిలో డెస్క్‌టాప్ వచ్చింది. ఆ దశాబ్దం చివరి ఏళ్లలో సంస్థ లెక్కలన్నీ ఒకేచోట నడిపే శాప్ ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్ వచ్చాక విడిభాగం కొనాలన్నా, లారీ బయటికి పోవాలన్నా తెర మీద అడుగు పడాల్సిందే. అంటే సపోర్టు పని మునుపెన్నడూ లేనంత అవసరమైంది. కానీ సరిగ్గా అప్పుడే ఆ పని పోస్టుల జాబితా నుంచి టెండర్ల జాబితాలోకి మారింది. ప్రభుత్వ రంగమంతటా ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం), ఫెసిలిటీ మేనేజ్‌మెంట్ అనే పేర్లతో ఏడాదికో మూడేళ్లకో టెండరు పిలిచి, తక్కువ ధర కోట్ చేసినవారికి అప్పగించడం పద్ధతి అయింది. 2016లో ప్రభుత్వం తన కొనుగోళ్ల కోసం జెమ్ పోర్టల్ తెచ్చాక మనుషుల సేవలు కూడా దాని మీదే కొనడం మొదలైంది.

ఈ మార్పుకు న్యాయపరమైన అండ కూడా సెయిల్ పేరు మీదే వచ్చింది. 1970 కాంట్రాక్టు కార్మికుల చట్టం ప్రకారం ఏదైనా పనిలో కాంట్రాక్టు విధానాన్ని ప్రభుత్వం నిషేధిస్తే, ఆ పని చేస్తున్నవాళ్లను అసలు యజమాని ఉద్యోగులుగా తీసుకోవాలని 1996లో ఎయిర్ ఇండియా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2001 ఆగస్టు 30న సెయిల్ కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పును తోసిపుచ్చింది. నిషేధించినా కార్మికులు తమంతట తాము పర్మినెంటు కారని, కాంట్రాక్టు కేవలం బూటకమని రుజువైతేనే యజమాని ఉద్యోగులవుతారని తేల్చింది. కొత్త నియామకాలు జరిగితే వాళ్లకు ప్రాధాన్యం ఇవ్వాలంది. నియామకాలే లేని చోట ఆ ప్రాధాన్యం కాగితానికి పరిమితం. కేసు కంప్యూటర్ వాళ్లది కాదు. దాని ఫలితం మాత్రం వాళ్ల మీద కూడా పూర్తిగా పడింది.

అలా ఏర్పడిందే రెసిడెంట్ ఇంజనీరు అనే హోదా. పేరులో ఇంజనీరు, చేతిలో సీఐఎస్ఎఫ్ గేటు దగ్గర చూపించే ఠేకా పాసు. పొద్దున హెల్ప్ డెస్క్ నుంచి కాల్స్ జాబితా తీసుకుంటాడు. కిలోమీటర్ల పొడవున్న కర్మాగారంలో ఒక షాపు నుంచి మరో షాపుకు సొంత బైకు మీద, సొంత పెట్రోలుతో తిరుగుతాడు. హెల్మెట్, సేఫ్టీ బూట్లు వేసుకుని మిల్లు పక్కన కంట్రోలు గదిలో వేడికి మాడిన స్విచ్ మారుస్తాడు. ఆర్‌జే-45 కనెక్టరు క్రింప్ చేస్తాడు. విడిభాగం స్టాకులో లేకపోతే పాత యంత్రం నుంచి పీకి పని నడిపిస్తాడు. నిర్ణీత గంటల్లో కాల్ క్లోజ్ కాకపోతే కంపెనీకి పెనాల్టీ, ఆ ఒత్తిడి చివరికి అతని మీదే. పక్కనే కూర్చున్న పర్మినెంటు ఉద్యోగికి తెలియని విషయం ఇతనికి తెలుసు. జీతంలో మాత్రం ఇద్దరి మధ్య పారీ చెప్పిన ఆ పాత దూరమే ఉంది. ఉక్కు ఊరి కార్మిక విభజన కంప్యూటర్ గదిలోకి యథాతథంగా నడిచి వచ్చింది.

అంతకంటే పెద్ద నష్టం సర్వీసు లెక్కలో ఉంది. టెండరు మారినప్పుడు ఠేకేదారు మారతాడు; మనిషి, కుర్చీ, పని అవే ఉంటాయి. కొత్త ఠేకేదారు పుస్తకంలో అతను కొత్తగా చేరినవాడు. 1972 గ్రాట్యుటీ చట్టం ఒక యజమాని దగ్గర అయిదేళ్ల నిరంతర సర్వీసు అడిగేది. మూడేళ్లకోసారి యజమాని మారే వ్యవస్థలో అయిదేళ్లు ఎప్పటికీ నిండేవి కావు. పదేళ్ల అనుభవం ఉన్న మనిషి బయోడేటాలో మూడు నాలుగు కంపెనీల పేర్లు, అన్నిటిలోనూ అదే కింది హోదా. ప్రమోషనుకు పై పోస్టు ఆ టెండరులోనే ఉండదు.

ఊరు వదలడం ఒక దారి. రాయపూర్ దగ్గర, నాగ్‌పూర్ కొంచెం దూరం, పుణె, బెంగళూరు ఇంకా దూరం. తెలుగు కుటుంబాలకు విశాఖ, హైదరాబాద్ బంధువులున్న ఊళ్లు. 2024 సెప్టెంబరులో దుర్గ్, విశాఖపట్నం మధ్య వందే భారత్ రైలు మొదలైంది. హైదరాబాద్ అమీర్‌పేట, మైత్రీవనం చుట్టుపక్కల శిక్షణ కేంద్రాలు, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీగా పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్ హార్డ్‌వేర్ దుకాణాలు, 2000లలో విస్తరించిన కాల్ సెంటర్లు సపోర్టు కుర్రవాళ్లను లాక్కున్నాయి. వెళ్లి నిలదొక్కుకున్నవాళ్లలో చాలామంది నెట్‌వర్కింగ్, సర్వర్లు, క్లౌడ్ నేర్చుకుని పై మెట్టు ఎక్కారు. అక్కడ కంపెనీలు పక్కపక్కనే ఉంటాయి. ఒకచోట ఏడాది చేసి మరోచోటికి మారవచ్చు. భిలాయిలో మారడానికి రెండో చోటు లేదు. సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్క్ ఒకటి భిలాయిలోనూ పెట్టారు గానీ, దాని చుట్టూ కంపెనీల గుంపు చేరలేదు. వెళ్లినవారికి ఇంగ్లీషు మాట్లాడడం పెద్ద అడ్డంకి. హిందీ మాధ్యమంలో చదివిన పిల్లవాడికి యంత్రం తెలుసు, ఫోన్‌లో అమెరికన్‌కు దాన్ని వివరించడం తెలియదు.

ఊళ్లోనే ఉండిపోయిన కంప్యూటర్ తెలిసిన యువకులకు ఇటీవలి ఏళ్లలో ఒక ప్రమాదకరమైన దారి కూడా తెరుచుకుంది. మహాదేవ్ పేరుతో నడిచిన ఆన్‌లైన్ జూదం యాప్ మూలాలు భిలాయివే. దుబాయ్ నుంచి నడుస్తూ, దేశమంతా ‘ప్యానెల్’లు అనే శాఖలను డెబ్బై, ముప్పై వాటాల మీద ఇచ్చిందని ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ 2023లో ప్రకటించింది. ప్యానెల్‌లో పని అంటే కంప్యూటర్ల ముందు షిఫ్టుల్లో కూర్చుని ఖాతాలు తెరవడం, ఫిర్యాదులకు జవాబివ్వడం. సపోర్టు పని చేసే చేతులే అక్కడా కావాలి. నిజాయితీ గల తొలి ఉద్యోగం దొరకని ఊళ్లో ఇటువంటి పిలుపుకు మనుషులు సులువుగా దొరుకుతారు. ఆ యువకులను తిట్టి ఊరుకుంటే సరిపోదు.

ప్రభుత్వాలు ఊరకే లేవు. ఐటీఐలలో కోపా అనే కంప్యూటర్ ఆపరేటర్ ట్రేడు, కంప్యూటర్ హార్డ్‌వేర్ నెట్‌వర్క్ మెయింటెనెన్స్ ట్రేడు ఉన్నాయి. 2013లో ఛత్తీస్‌గఢ్ శాసనసభ నైపుణ్య శిక్షణను యువత హక్కుగా గుర్తిస్తూ చట్టం చేసింది. దేశంలో ఇటువంటి చట్టం చేసిన మొదటి రాష్ట్రం అదే. 2015 జులైలో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో ఫీల్డ్ టెక్నీషియన్ కోర్సు కంప్యూటర్ మరమ్మతుకే ఉద్దేశించింది. 2023 ఏప్రిల్ నుంచి రాష్ట్రం అర్హులైన నిరుద్యోగులకు నెలకు 2,500 రూపాయల భృతి ఇచ్చింది. వీటన్నిటిలోనూ ఒకే లోపం. శిక్షణ పెంచారు, శిక్షణ తర్వాత నిలబడాల్సిన పోస్టును పెంచలేదు. కొరత నైపుణ్యంలో ఉందనుకున్నారు. నైపుణ్యం ఉన్నవాళ్లు ఠేకా పాసుతో గేటు దగ్గర ప్రతిరోజూ కనిపిస్తూనే ఉన్నారు.

ఈలోగా పనే రూపు మార్చుకుంటోంది. ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ వంటివి వచ్చాక మనిషి వెళ్లకుండానే సగం సమస్యలు తీరుతున్నాయి. పాస్‌వర్డు మార్పు వాడేవాడే చేసుకుంటున్నాడు. 2022 చివర వచ్చిన, కృత్రిమ మేధతో నడిచే సంభాషణ యంత్రాలు హెల్ప్ డెస్క్‌లో మొదటి ప్రశ్నకు జవాబు చెబుతున్నాయి. కొత్తవాడు నేర్చుకోవడానికి పనికొచ్చే తేలిక కాల్సే ముందుగా పోతున్నాయి. కాలిన స్విచ్, తెగిన ఫైబరు, దుమ్ము పట్టిన యంత్రం మాత్రం ఇప్పటికీ మనిషినే అడుగుతున్నాయి. ఉక్కు కర్మాగారంలో ఇవి ఎన్నటికీ తగ్గవు.

2025 నవంబరు 21న నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. నిర్ణీత కాలపు ఉద్యోగికి ఏడాది సర్వీసుకే గ్రాట్యుటీ హక్కు వాటిలో ఉంది. ఠేకేదారు మారినా అదే కుర్చీలో కూర్చున్న మనిషి పాత సర్వీసును కొత్త టెండరు గుర్తించాలన్న నిబంధన పెట్టడానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు. టెండరు పత్రంలో ఒక షరతు చాలు. దాంతోపాటు ప్రతి ఫెసిలిటీ మేనేజ్‌మెంట్ టెండరులో కొన్ని అప్రెంటిస్ స్థానాలు తప్పనిసరి చేసి, దుకాణంలో నేర్చుకున్న అనుభవాన్ని పరీక్ష పెట్టి గుర్తించే పని భిలాయిలోని సాంకేతిక విశ్వవిద్యాలయానికి అప్పగించాలి. ఈ మూడూ సెయిల్, రాష్ట్ర ప్రభుత్వం తలుచుకుంటే వచ్చే టెండరుతోనే మొదలుపెట్టగలిగినవి.